ఎలుకల్లో ఒక తీరు, ఆడవారిలో మరో తీరు: ఈస్ట్రోజెన్ నిరోధక మందుల కథ
(మందుల చరిత్ర, ధారావాహిక వ్యాసం)

పాపాగ్ని పెన్నలో కలిసే చోటున్న కడప జిల్లా కమలాపురం మొదలుకొని దేశంలోని ఏ మండలంలోనైనా, ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం కింద ఆడవారికి ఇవ్వదగిన గర్భనిరోధక మాత్రలు ప్రధానంగా రెండు రకాలు. గత భాగంలో చెప్పుకున్న ‘మాలా-ఎన్’ మొదటిది. దానిలో రెండు హార్మోన్లు ఉంటాయి, అవి అండం విడుదల కాకుండా ఆపుతాయి కనుక రోజూ తప్పకుండా వేసుకోవాలి. రెండోది ‘ఛాయ’. దీనిని మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒక్కసారి వేసుకుంటే చాలు. ఇందులో హార్మోన్ అసలే లేదు, అండం విడుదలను ఇది సాధారణంగా ఆపదు, పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. ఒంట్లో ఊరే ఈస్ట్రోజెన్ హార్మోన్ పనిని కొన్ని అవయవాల్లో మాత్రం అడ్డుకోవడమే దీని పద్ధతి. ఈ కొసరు మాట, అంటే ‘కొన్ని అవయవాల్లో మాత్రం’ అన్నది, శాస్త్రజ్ఞులకు అర్థం కావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్ల ఆధారాలు ఎక్కువగా ఎలుకల గర్భాశయాల్లోనే దొరికాయి.

ఈస్ట్రోజెన్ ప్రధానంగా అండాశయంలో తయారై, రక్తంతోపాటు ఒళ్లంతా తిరిగి, గర్భాశయాన్ని పెంచే, రొమ్ము కణాలను విభజింపజేసే, ఎముకల గట్టిదనాన్ని కాపాడే హార్మోన్. అది ఉందని కనిపెట్టడానికి ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో రసాయన పరీక్షలు లేవు; ఉన్నది జంతువు ఒక్కటే. ఆడ ఎలుక నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆ నాలుగైదు రోజుల్లో దాని యోని గోడ కణాలు రూపం మార్చుకుంటూ పోతాయి: ఎదకు ముందు నడిమధ్య కేంద్రకం స్పష్టంగా కనబడే గుండ్రటి కణాలు, ఎదలో ఉన్నప్పుడు కేంద్రకం పోయి గోరు పొట్టులాగా బిరుసెక్కిన పలుచని కణాలు, ఎద తీరిపోయాక చిన్నచిన్న తెల్ల రక్తకణాల గుంపు. ఒక చుక్క ఉప్పునీటిని చిన్న గొట్టంతో లోపలికి పంపి, వెనక్కు లాగి, గాజు పలక మీద పరిచి (దీనినే స్మియర్ అంటారు) సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ ఎలుక ఎద చక్రంలో ఏ దశలో ఉందో పదినిమిషాల్లో తెలిసిపోతుంది, పైగా ఎలుకకు ప్రాణహాని లేదు. 1923లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్గార్ అలెన్, ఎడ్వర్డ్ డోయిజీ అనే ఇద్దరు ఈ పద్ధతినే తిరగేసి వాడారు. అండాశయాలు తీసేసిన ఎలుకకు ఎద రాదు; అటువంటి ఎలుకకు అండాశయపు ద్రవాన్ని ఎక్కించగా గాజు పలక మీద బిరుసు కణాలు కనబడ్డాయి. హార్మోన్ ఉందని రుజువైంది; డోయిజీ 1929లో దానిని స్ఫటికంగా వేరుచేశాడు.

గర్భాశయాన్ని తూచడం రెండో కొలత. ఇంకా ఈడుకు రాని ఎలుకకు మూడు రోజులు ఈస్ట్రోజెన్ ఇచ్చి, నాలుగో రోజు గర్భాశయాన్ని తీసి తూస్తే అది మామూలు బరువుకు కొన్ని రెట్లు పెరిగి ఉంటుంది. మిల్లీగ్రాముల్లో చెప్పే ఆ చిన్న బరువే తర్వాత అర్ధశతాబ్దం పాటు ఏది ఈస్ట్రోజెన్, ఏది దానికి నిరోధకం అన్న తీర్పు చెప్పింది. అండాశయాలు తీసేసిన ఎలుకలో ఇంకా చాలా మార్పులు చూడవచ్చు: గర్భాశయం దారంలా సన్నబడుతుంది, తిండి ఎక్కువై ఒళ్లు చేస్తుంది, మోకాలి కింది ఎముకలో జల్లెడలాంటి లోపలి భాగం కొన్ని వారాల్లోనే పలచబడుతుంది, పీయూష గ్రంథి నుంచి అండాశయాన్ని ప్రేరేపించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు రక్తంలో విపరీతంగా పెరుగుతాయి. చివరిదాని కారణం ముందుముందు అవసరం కనుక ఇక్కడే చెప్పుకోవాలి: మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ రక్తంలోని ఈస్ట్రోజెన్‌ను ఎప్పటికప్పుడు కనిపెట్టుకుంటూ, అది చాలినంత ఉంటే పీయూష గ్రంథిని అదుపులో ఉంచుతుంది, తగ్గిందనుకుంటే పగ్గాలు వదిలేస్తుంది.

ఇలాంటి ప్రయోగాలకు ఒకే వంశానికి చెందిన, ఒకే తిండి తిన్న ఎలుకలు కావాలి. ఈ విషయంలో తెలుగు నేలకు చెప్పుకోదగిన చోటు ఉంది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న కేంద్రంలో 1920 నుంచి విస్టార్ జాతి ఎలుకల సంతతిని పెంచుతూ వచ్చారు. ఆ కేంద్రమే పెద్దదై 1958లో హైదరాబాద్ తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కొండ మీది చల్లదనం నుంచి దక్కన్ ఎండల్లోకి వచ్చిన ఆ ఎలుకల వంశం తెగిపోలేదు. 1976లో ప్రయోగశాల జంతువుల సమాచార కేంద్రం కూడా బొంబాయి నుంచి ఇక్కడికే మారింది, ఆ తర్వాత దేశంలోని ఎన్నో ప్రయోగశాలలకు ఎలుకలు, చిట్టెలుకలు హైదరాబాద్ నుంచి అందాయి. మందుల చరిత్ర రాసేవారు మందు పేరునూ, కనిపెట్టినవారి పేరునూ రాస్తారు గానీ ఎలుకల వంశాన్ని తరతరాలుగా కాపాడిన సిబ్బందిని తలచుకోరు. ఇది న్యాయం కాదు.

కూనూరు ఎలుకలు హైదరాబాద్ చేరిన 1958లోనే అమెరికాలో సిన్సినాటి నగరపు మెరెల్ కంపెనీలో లియొనార్డ్ లెర్నర్ బృందం మొట్టమొదటి ఈస్ట్రోజెన్ నిరోధకాన్ని ప్రకటించింది. ‘మెర్-25’ అన్న ఆ పదార్థం గుండె జబ్బుల మందుల కోసం సాగుతున్న మరో పనిలో తయారైంది. దాని నిర్మాణం అప్పటికే తెలిసిన ఒక కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను పోలి ఉందని గమనించిన లెర్నర్, ఇదీ ఈస్ట్రోజెనే అయి ఉంటుందనుకొని ఎలుకల మీద పరీక్షించాడు. ఫలితం తలకిందులైంది. అది గర్భాశయాన్ని పెంచలేదు సరికదా, ఈస్ట్రోజెన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఈస్ట్రోజెన్‌నూ పెంచనివ్వలేదు. అయితే మనుషుల్లో పనిచేయాలంటే భారీ మోతాదు కావలసివచ్చింది, ఆ మోతాదులో అది మతిభ్రమ కలిగించింది. మందుగా దాని కథ అంతటితో ముగిసింది. అదే కంపెనీ తర్వాత తెచ్చిన క్లోమిఫీన్ మాత్రం నిలిచింది. ఎలుకల్లో సంతానాన్ని ఆపిన క్లోమిఫీన్, 1961లో రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ ఆడవారికి ఇచ్చి చూడగా, అండం విడుదల కానివారిలో అండాన్ని విడుదల చేయించింది. హైపోథాలమస్‌లో అది ఈస్ట్రోజెన్ చోటును ఆక్రమించడంతో, ఒంట్లో ఈస్ట్రోజెన్ లేదని భ్రమపడిన మెదడు పీయూష గ్రంథి పగ్గాలు వదిలింది, పెరిగిన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లు అండాశయాన్ని మేల్కొలిపాయి. గర్భం రాకుండా చేయాలని పుట్టిన మందు పిల్లల కోసం తిరిగే దంపతుల మందైంది. సంతాన సాఫల్య వైద్యులు నేటికీ దానిని రాస్తూనే ఉన్నారు.

ఈస్ట్రోజెన్ చోటును ఆక్రమించడం అంటే ఏమిటన్నది ఎల్వుడ్ జెన్సెన్ పని వల్ల తేలింది. షికాగో విశ్వవిద్యాలయంలో ఆయనా, హెర్బర్ట్ జేకబ్సన్ కలిసి రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన ఈస్ట్రడయాల్‌ను, అంటే ఈస్ట్రోజెన్లలో బలమైనదాన్ని, ఈడుకు రాని ఎలుకలకు అతి స్వల్పంగా ఎక్కించి అవయవాలన్నిటిలో దాని జాడ వెతికారు. రక్తంలోనూ, కండరాల్లోనూ అది వచ్చినట్టే వచ్చి పోయింది. గర్భాశయం, యోని, పీయూష గ్రంథి మాత్రం దానిని గంటల తరబడి పట్టి ఉంచుకున్నాయి. ఆ పట్టుకునే వస్తువే ఈస్ట్రోజెన్ గ్రాహకం, అంటే కణంలో ఉండి హార్మోన్‌ను అందుకొని జన్యువులకు ఆజ్ఞ చేరవేసే ప్రోటీన్. నిరోధక మందు ఆ గ్రాహకానికే అతుక్కుంటుంది.

ఇంగ్లాండులో చెషైర్ ప్రాంతపు ఆల్డర్లీ పార్క్‌లోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ వాల్‌పోల్ నడిపిన బృందం వెతికింది కూడా గర్భనిరోధక మాత్ర కోసమే. అక్కడ 1962లో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు తయారుచేసిన ఐసీఐ 46,474 పదార్థమే తర్వాతి కాలపు టామాక్సిఫెన్. మైఖేల్ హార్పర్, వాల్‌పోల్ దానిని కలయిక జరిగిన ఆడ ఎలుకలకు ఇచ్చి చూస్తే గర్భం నిలవలేదు. ఎలుకలో ఫలదీకరణ చెందిన అండం నాలుగైదు రోజులు నాళంలోనూ గర్భాశయంలోనూ తేలుతూ ఉండి, ఐదో రోజుకు గర్భాశయపు గోడకు అంటుకుంటుంది. ఆ అంటుకోవడానికి సరిగ్గా నాలుగో రోజున ఒక చిన్న ఈస్ట్రోజెన్ పోటు రావాలి. మందు ఆ పోటును వృథా చేసింది. ఎలుకల్లో ఇంత చక్కగా పనిచేసిన ఈ మాత్ర స్త్రీలలో క్లోమిఫీన్ లాగే అండాన్ని విడుదల చేయించే వైపు తిరిగింది, గర్భనిరోధకంగా పనికిరాలేదు. కంపెనీకి నిరాశ, క్యాన్సర్ రోగులకు మాత్రం అదే అదృష్టమైంది. 1896లోనే స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము క్యాన్సర్ గడ్డలు కరుగుతాయని చూపి ఉన్నాడు. కత్తి చేసిన పనిని మాత్ర చేయగలదా అన్న ప్రశ్నకు మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రి వైద్యులు 1971లో తొలి సానుకూల ఫలితాన్ని ప్రచురించారు. 1973లో బ్రిటన్, 1977లో అమెరికా ఆ మందును అనుమతించాయి. ఈ రోజు కమలాపురం నుంచి కడపకో, కర్నూలుకో, తిరుపతికో వెళ్లి రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేయించుకొని వచ్చిన ఆడవారిలో చాలామంది మందుల చీటీ మీద ఏళ్ల తరబడి కనబడే పేరు ఇదే.

ఆ మందును ‘క్యాన్సర్ రాకముందే ఇస్తే’ అన్న ఆలోచనకు బలం ఇచ్చింది కూడా ఎలుకలే. చార్ల్స్ హగిన్స్ 1961లో వివరించిన పద్ధతి ప్రకారం యాభై రోజుల వయసున్న ఆడ ఎలుకకు డీఎంబీఏ అనే క్యాన్సర్ కారకాన్ని ఒక్కసారి తాగిస్తే కొన్ని నెలల్లో దాని స్తన గ్రంథుల్లో గడ్డలు లేస్తాయి. అమెరికాలోని వూస్టర్ ఫౌండేషన్‌లో 1970ల తొలి సంవత్సరాల్లో క్రెయిగ్ జోర్డాన్ ఆ ఎలుకలకే టామాక్సిఫెన్ ఇచ్చి, గడ్డలు చాలావరకు రాకుండా చూడగలిగాడు.

అయినా లెక్కకు అందని సంగతులు పోగవుతూనే వచ్చాయి. అండాశయాలు లేని చిట్టెలుకకు టామాక్సిఫెన్ ఇస్తే దాని యోని స్మియర్‌లో బిరుసు కణాలు కనబడ్డాయి, అంటే ఆ జంతువులో అది నిరోధకం కాక ఈస్ట్రోజెన్‌గానే పనిచేసింది. ఎలుక గర్భాశయంలో అది సగం అటు, సగం ఇటు: ఒంటరిగా ఇస్తే కాస్త పెంచింది, ఈస్ట్రోజెన్‌తో కలిపి ఇస్తే ఆ ఈస్ట్రోజెన్ పెంచగలిగినంత పెంచనివ్వలేదు. కోడిపిల్ల అండనాళంలో అది పూర్తి నిరోధకం. ఆడ కుక్కల్లో గర్భాశయంలో చీము పట్టేంతగా ఈస్ట్రోజెన్ లక్షణాలు చూపింది. మగ ఎలుకలనూ వదలలేదు. ముంబైలోని పునరుత్పత్తి పరిశోధన సంస్థలో 1990లలో చేసిన పనిలో టామాక్సిఫెన్ తిన్న మగ ఎలుకల రక్తంలో ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ రెండూ తగ్గి, సంతాన సామర్థ్యం పడిపోయింది. స్త్రీల మెదడులో నిరోధకంగా పనిచేసి ఎల్‌హెచ్‌ను పెంచే మందు ఎలుక మెదడులో ఈస్ట్రోజెన్‌గా పనిచేసి దానిని తగ్గించిందన్నమాట.

జంతువుకూ జంతువుకూ తేడా అయితే జాతి భేదం అని సరిపెట్టుకోవచ్చు; ఒకే జంతువులో అవయవానికీ అవయవానికీ తేడా వస్తే ఏం చేయాలి? 1987లో జోర్డాన్ బృందం అండాశయాలు తీసేసిన ఎలుకల ఎముకలను పరీక్షించింది. ఈస్ట్రోజెన్‌ను నిజంగా అన్నిచోట్లా అడ్డుకునే మందైతే ఎముకలు మరింత గుల్లబారాలి. టామాక్సిఫెన్, దాని బంధువైన రాలాక్సిఫెన్ రెండూ ఎముకలను కాపాడాయి. మరుసటి ఏడాది మరింత నిక్కచ్చి ప్రయోగం వచ్చింది: రోగనిరోధక శక్తి లేని ఒకే చిట్టెలుకలో మనిషి రొమ్ము గడ్డనూ, గర్భాశయ లోపొర గడ్డనూ నాటి టామాక్సిఫెన్ ఇవ్వగా, మొదటిది ఆగింది, రెండోది పెరిగింది. ఒకే వాన నల్లరేగడిలో ఒకలా, పక్కనే ఉన్న ఎర్రనేలలో ఇంకోలా పనిచేసినట్టు, ఒకే మాత్ర ఒకే ఒంట్లో నేలను బట్టి నడిచింది. దీనికి కారణం గ్రాహకంలోనే ఉంది. ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చుంటే గ్రాహకపు చివరి మడత మూతలాగా మూసుకొని, జన్యువులను కదిలించే సహాయక ప్రోటీన్లు అతుక్కునేందుకు తావిస్తుంది. నిరోధక మందు కూర్చుంటే ఆ మడత పక్కకు తోసుకుపోయి ఆ తావునే కప్పేస్తుంది. అయితే ఏ కణంలో ఏ సహాయక ప్రోటీన్లు ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి తీర్పు మారుతుంది. అందుకే ఈ మందులను ఇప్పుడు ‘ఎంపిక చేసి పనిచేసే ఈస్ట్రోజెన్ గ్రాహక నియంత్రకాలు’ అంటారు. టామాక్సిఫెన్ వాడే స్త్రీలలో గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుందని తర్వాత మనుషుల్లోనూ తేలింది, కనుక రజస్సు ఆగిపోయిన వారికి రక్తస్రావం కనబడితే వెంటనే డాక్టర్‌కు చూపించమంటారు. ఎముకలను కాపాడి, గర్భాశయాన్ని కదిలించని రాలాక్సిఫెన్ 1997లో ఎముకల బలహీనతకు మందుగా వచ్చింది.

ఇదంతా పడమటి దేశాల్లో జరుగుతుండగానే, లక్నోలో గోమతీ ఒడ్డున నవాబుల ఛత్తర్ మంజిల్ భవనంలో నడిచిన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్ నాయకత్వంలోని రసాయనజ్ఞులు 67/20 అన్న సంకేత సంఖ్య గల పదార్థాన్ని తయారుచేశారు. దానికి సెంట్‌క్రోమాన్ అన్న పేరు పెట్టారు, ప్రపంచం ఓర్మెలాక్సిఫెన్ అంటుంది. వేద్ ప్రకాశ్ కాంబోజ్ తదితర జీవశాస్త్రజ్ఞులు దానిని ఎలుకల మీద పరీక్షించినప్పుడు పాత కొలతలే, అంటే స్మియర్లూ గర్భాశయపు బరువులే, పనికొచ్చాయి: ఒంటరిగా ఇస్తే ఈస్ట్రోజెన్ గుణం బలహీనం, ఈస్ట్రోజెన్‌కు ఎదురుగా నిలబెడితే నిరోధక గుణం బలవత్తరం. కలయిక తర్వాత ఇస్తే ఎలుకల్లో, కుక్కల్లో, రీసస్ కోతుల్లో గర్భం నిలవలేదు. అండం నాళం గుండా పోయే వేగమూ, గర్భాశయపు లోపొర సిద్ధమయ్యే సమయమూ ఒకదానితో ఒకటి పొసగకుండా పోవడమే దీనికి కారణమని వారు వివరించారు. టామాక్సిఫెన్‌కు స్త్రీలలో ఎదురైన గండం దీనికి ఎదురుకాలేదు. ఐసీఐ వెతికి పొందలేని మాత్ర లక్నోలో దొరికింది. ఒక్క మాత్ర వేసుకుంటే సగం మందు ఒంట్లోంచి పోవడానికి సుమారు వారం పడుతుంది, వారానికొకటి చాలడం వెనుక ఉన్న లెక్క అదే. పాతికేళ్లకు దగ్గరగా సాగిన పరీక్షల తర్వాత, 1991లో హిందుస్థాన్ లేటెక్స్ సంస్థ ‘సహేలీ’ పేరుతో అమ్మకానికి తెచ్చింది. 2016 ప్రాంతంలో ప్రభుత్వ కార్యక్రమంలో ‘ఛాయ’గా ఉచిత పంపిణీకి చేరింది. కొందరిలో బహిష్టు ఆలస్యం కావడం దీనితో బాగా తెలిసిన ఇబ్బంది. నెల తప్పిందేమోనన్న భయంతో మాత్ర మానేసేవారు చాలామంది.

స్వదేశంలో పుట్టిన ఈ మందు ఆంధ్ర దేశంలో మాత్రం పెద్దగా వాడుకలోకి రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన పునరుత్పత్తి వయసు స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే, మాత్రలు వాడేవారు నూటికి ఒకరు కూడా లేరు. పిన్నవయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్ అన్న వరస రాయలసీమ పల్లెల్లో పాతుకుపోయింది, కనుక కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం తయారైన మాత్రకు ఇక్కడ ఎడమే చిక్కలేదు. ఛాయను గురించి ప్రచారంలో లోపం ఉన్నదన్నది నిజమే గానీ, ఆ ఒక్కటే కారణమనడం తేలిక సమాధానం.

ఎలుకల మాటను పూర్తిగా నమ్మినా చిక్కే, తోసేసినా చిక్కే. టామాక్సిఫెన్‌ను ఎక్కువ మోతాదులో ఏడాదికి పైగా తిన్న ఎలుకల కాలేయాల్లో గడ్డలు లేచాయని 1990లలో తెలిసినప్పుడు వైద్యలోకంలో కలవరం పుట్టింది. ఎలుక కాలేయం ఆ మందును డీఎన్ఏకు అతుక్కునే రూపంలోకి ఎక్కువగా మారుస్తుందనీ, మనిషి కాలేయం అలా చేయడం బాగా తక్కువనీ తేలాక, ఏళ్ల తరబడి వాడిన స్త్రీలలో అటువంటి కాలేయ గడ్డల పెరుగుదల కనబడకపోయాక కలవరం చల్లారింది. సెంట్‌క్రోమాన్‌లోని క్రియాశీల సగాన్ని విడదీసి లెవోర్మెలాక్సిఫెన్ పేరిట ఎముకల మందుగా చేయబోయిన డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు ఎదురైంది దీనికి వ్యతిరేక అనుభవం: ఎలుకల్లో ఎముకలు చక్కగా నిలిచాయి, రజస్సు ఆగిన స్త్రీలలో మాత్రం గర్భాశయపు లోపొర మందమెక్కడం, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి బాధలు కనబడటంతో ఆ ప్రయత్నం 1990ల చివర ఆగిపోయింది. అదే పదార్థం వయసులో ఉన్న స్త్రీకి వారానికి ఒకసారి ఇస్తే ఒక మందు, వయసు దాటినామెకు రోజూ ఇస్తే మరో మందు.

ఈ సగం సగం తీరుతో విసిగి, ఏ అవయవంలోనూ ఈస్ట్రోజెన్ వాసన లేని శుద్ధ నిరోధకం కోసం ఐసీఐలోనే అలన్ వేక్‌లింగ్ బృందం వెతికి, 1991లో ఐసీఐ 182,780ను ప్రకటించింది. ఈడుకు రాని ఎలుక గర్భాశయాన్ని అది అణువంత కూడా పెంచలేదు; గ్రాహకాన్ని మూసివేయడమే కాక, కణం ఆ గ్రాహకాన్నే విరగ్గొట్టి పారేసేలా చేసింది. నోటి ద్వారా సరిగా ఎక్కదు కనుక పిరుదు కండరంలోకి సూదిమందుగా ఇస్తారు. ఫుల్వెస్ట్రాంట్ పేరుతో 2002లో అమెరికాలో అనుమతి పొంది, టామాక్సిఫెన్‌కు లొంగని రొమ్ము క్యాన్సర్లకు వాడుకలోకి వచ్చింది. గ్రాహకంతో పని పెట్టుకోకుండా అసలు ఈస్ట్రోజెన్ తయారీనే ఆపే లెట్రోజోల్ తరగతి మందుల చరిత్ర, సంతానలేమికి దాని వాడకాన్ని భారత ప్రభుత్వం 2011లో నిషేధించిన వివాదం వచ్చే భాగంలో.